కౌలు నేలలో యాప్ సేద్యం

సొంత వ్యాపారం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో మూడింటిని ఇక్కడ తీసుకున్నాను. మూడూ బెంగళూరులో ఉంటున్న తెలుగువారు రాసినవే, మూడూ యాప్ గురించినవే. ఒకరు ఇంకా మొదలుపెట్టలేదు, ఒకరు డబ్బు కట్టబోతున్నారు, ఒకరు ఉన్నది పోగొట్టుకున్నారు. పేర్లు ప్రచురించవద్దని ముగ్గురూ కోరారు.

ప్రశ్న: మాది మదనపల్లె. పదేళ్లుగా మారతహళ్లిలో ఉంటున్నాము. నేను ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తున్నాను. నా భార్య శని, ఆదివారాల్లో మా అపార్ట్‌మెంటులోని పద్నాలుగు మంది పిల్లలకు తెలుగు చదవడం, రాయడం నేర్పుతుంది. ఆమె పాఠాలనే నేను యాప్‌గా మలిచాను. గుణింతాలు, ఒత్తులు, ఆమె గొంతుతో చదివిన చిన్న కథలు అందులో ఉన్నాయి. నెలకు 99 రూపాయలు చందా పెట్టాలని ఉంది. తొమ్మిది లక్షలు దాచుకున్నాము. ఉద్యోగం మానేసి పూర్తిగా దీనిమీద కూర్చోవచ్చా?

జవాబు: ఉద్యోగం ఇప్పుడే మానవద్దు. యాప్‌ను మాత్రం తప్పకుండా బయటికి తీసుకురండి. ఈ రెండు మాటలూ ఎందుకు అంటున్నానో కొంచెం వివరంగా చెప్పాలి.

ముందు లెక్క చూద్దాము. 2008లో యాప్ దుకాణాలు మొదలైనప్పటి నుంచి అమ్మకంలో 30 శాతం దుకాణం వాటాగా ఉండేది. ఇప్పుడు చిన్న వ్యాపారులకు అది సగమైంది. గూగుల్ ప్లేలో 2022 జనవరి నుంచి చందాలపై వాటా 15 శాతం. ఏడాదికి పది లక్షల డాలర్లలోపు రాబడి ఉన్నవారు దరఖాస్తు చేసుకుంటే యాపిల్ కూడా 15 శాతమే తీసుకుంటుంది. అంటే మీ 99 రూపాయలలో 14 రూపాయల 85 పైసలు పోయి 84 రూపాయల 15 పైసలు మిగులుతాయి. నెలకు లక్ష రూపాయలు చేతికి రావాలంటే దాదాపు 1,190 మంది చందాదారులు ఎప్పుడూ ఉండాలి. జీఎస్టీ, ఆదాయపు పన్ను, సర్వర్ ఖర్చు, ప్రకటనల ఖర్చు ఇందులో లేవు.

‘ఎప్పుడూ’ అన్న మాట దగ్గర ఆగండి. మీ యాప్ ఎంత బాగా పనిచేస్తే పిల్లలు అంత త్వరగా చదవడం నేర్చుకుంటారు, నేర్చుకున్న నెలలోనే తల్లిదండ్రులు చందా ఆపేస్తారు. ఒక్కో పిల్లవాడు సగటున ఆరు నెలలు ఉంటాడనుకుంటే, 1,190 మంది తగ్గకుండా ఉండడానికి ప్రతి నెలా దాదాపు రెండు వందల మంది కొత్త పిల్లలు చేరుతూ ఉండాలి. మీ భార్య తరగతికి పద్నాలుగు మంది చేరడానికి ఎంత కాలం పట్టిందో ఆమెనే అడగండి. అక్షరాలు వచ్చిన పిల్లవాడు తరువాత చదువుకోవడానికి మీ దగ్గర ఏముందన్నదే ఈ వ్యాపారానికి ప్రాణం. అక్షరాల భాగాన్ని ఉచితంగానో స్వల్ప ధరకో ఇచ్చి, నెలనెలా చేరే కథలకు ఏడాది చందా పెడితే ఈ వ్యాపారం నిలబడుతుందని నా అభిప్రాయం.

మీకున్న అవకాశం కూడా చిన్నది కాదు. బెంగళూరు బడుల్లో మన పిల్లలు కన్నడం నేర్చుకుంటున్నారు. కన్నడ లిపి, మన లిపి ఒక తల్లి బిడ్డలు. గ, జ, ద, బ, ర, ల వంటి అక్షరాలలో తలకట్టు తేడా తప్పిస్తే కన్నడం వచ్చిన పిల్లవాడు వాటిని చూడగానే పోల్చుకుంటాడు. ‘అ’ నుంచి మొదలుపెట్టి అందరికీ ఒకే వరుసలో నేర్పే బదులు, బడిలో వచ్చిన కన్నడ అక్షరాల మీదుగా తెలుగులోకి తీసుకువెళ్లే పాఠం ఒకటి తయారు చేయండి. నిన్నమొన్నటిదాకా అమ్మమ్మ పంపిన వాట్సాప్ సందేశం చదవలేని పిల్ల నాలుగు వారాల్లో చదివిందంటే, ఆ తల్లి పదిమందికి చెబుతుంది. ఈ ఊళ్లో ఉన్నవారికే తోచే పాఠం ఇది. మన దేశంలో ఫోన్లు పదింట తొమ్మిదికి పైగా ఆండ్రాయిడ్‌వే కనుక ఇక్కడికి ఆండ్రాయిడ్ చాలు. అమెరికా, ఆస్ట్రేలియాలలోని తెలుగు కుటుంబాల కోసమైతే ఐఫోన్ కూడా చూసుకోవాలి. దుకాణాలు ఒక్కో దేశానికి ఒక్కో ధర పెట్టనిస్తాయి. ఇక్కడ 99 రూపాయలు పెట్టిన యాప్‌కు అక్కడ నాలుగైదు డాలర్లు పెట్టడంలో తప్పేమీ లేదు. ఖాతా తెరవడానికి గూగుల్‌కు ఒక్కసారి 25 డాలర్లు, యాపిల్‌కు ఏటా 99 డాలర్లు కట్టాలి. ఇంత తక్కువ పెట్టుబడితో మారతహళ్లిలోని ఒక గదిలోంచి ఖండాలు దాటి అమ్మగలిగే సరుకు మన తాతల కాలంలో లేదు.

ఇక ప్రమాదం సంగతి. మా నాన్నగారు కదిరి దగ్గర ఏడెకరాలు కౌలుకు చేసేవారు. పాసుపుస్తకం వేరొకరి పేరున ఉన్న నేల అది, ఒప్పందం నోటి మాట. ఆ నేలకు ఏటా ఎరువు తోలేవారు, గట్లు సరిచేసేవారు, వేరుశనగ బాగా పండించేవారు. కానీ బోరు వేయిద్దామని ఆసామి అన్నప్పుడు మాత్రం తన డబ్బు పెట్టలేదు. విత్తనపు కాయలు ఎప్పుడూ మా ఇంటి అటకమీదే ఉండేవి, ఆసామి కొట్టంలో కాదు. యాప్ దుకాణంలో వ్యాపారం చేసేవారికి నేను చెప్పగలిగింది ఇంతే. కౌలుకు చేయండి, ధైర్యంగా చేయండి. విత్తనం మాత్రం మీ ఇంట్లో ఉండాలి. మీ విషయంలో విత్తనమంటే మీ భార్య పాఠాల రాతప్రతులు, ఆమె గొంతు రికార్డింగులు, తల్లిదండ్రులు ఇష్టపడి ఇచ్చిన ఫోన్ నంబర్లు, ఆ పద్నాలుగు మంది తరగతి. తరగతి ఫీజు మీకు నేరుగా వస్తుంది, అందులో ఎవరికీ వాటా లేదు. యాప్ వచ్చిందని తరగతి ఆపవద్దు.

మీరు అడగకపోయినా చెప్పవలసినవి మూడున్నాయి.

మొదటిది, మీ ఉద్యోగ ఒప్పందం తీసి చదవండి. కంపెనీ లాప్‌టాప్ మీద, కంపెనీ వేళల్లో రాసిన కోడ్‌పై కంపెనీకే హక్కు ఉంటుందన్న షరతు చాలా ఒప్పందాలలో ఉంటుంది. పక్కన మరో పని చేయడం గురించి కూడా ఉంటుంది. పోటీ సంస్థలకు కూడా పనిచేస్తున్నారన్న కారణంతో 300 మందిని తొలగించామని 2022లో విప్రో అధిపతి బహిరంగంగానే చెప్పారు. మీది పోటీ వ్యాపారం కాదు, అయినా మీ సొంత లాప్‌టాప్ మీద, సెలవు రోజుల్లో రాశారని చూపగలిగేలా తేదీలతో సహా అన్నీ భద్రపరచండి. వీలైతే సంస్థ నుంచి రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి.

రెండోది పిల్లల సమాచారం. 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు వారందరూ పిల్లలే. తల్లిదండ్రుల అనుమతి ఉన్నదని సరిచూసుకున్న తరువాతే వారి వివరాలు తీసుకోవాలి. పిల్లల కదలికలను గమనించడం, వారిని గురిపెట్టి ప్రకటనలు చూపడం కూడదు. ఉల్లంఘనకు జరిమానా 200 కోట్ల రూపాయల దాకా ఉంది. నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి, ప్రధాన బాధ్యతల అమలుకు కొంత వ్యవధి ఇచ్చారు. దానికోసం ఆగకుండా ఇప్పుడే పిల్లవాడి పేరు, ఫొటో, పుట్టినరోజు ఏవీ అడగకుండా యాప్‌ను మలచండి. ‘చిన్ని’, ‘బుజ్జి’ అని ఒక ముద్దుపేరు పెట్టుకుంటే పాఠం సాగుతుంది. అడగని సమాచారం పోతుందన్న భయం ఉండదు. ఉచిత భాగంలో ప్రకటనలు పెట్టి సంపాదించాలన్న ఆలోచన మీకు ఉంటే, దయచేసి వదులుకోండి.

మూడోది చిన్న సంగతే. కొత్తగా వ్యక్తిగత ఖాతా తెరిచిన వారు ప్లే స్టోర్‌లో యాప్‌ను అందరికీ విడుదల చేయడానికి ముందు కనీసం 12 మందితో వరుసగా 14 రోజులు పరీక్షింపజేయాలి. మీ తరగతిలో పద్నాలుగు మంది తల్లిదండ్రులు ఉన్నారు కదా అనుకుంటారు, వారిలో ఐఫోన్ వాడేవారు ఎందరో ముందే లెక్కపెట్టుకోండి.

చందాల రాబడి వరుసగా ఆరు నెలల పాటు మీ ఇంటి ఖర్చులో సగం మోసిన నాడు ఉద్యోగం సంగతి మళ్లీ రాయండి. ఆ తొమ్మిది లక్షలను అప్పటిదాకా కదపవద్దు.

ప్రశ్న: నేను కె.ఆర్. పురంలో కర్రీ పాయింటు నడుపుతున్నాను. పప్పు, పులుసు, వేపుళ్లు, ఆదివారం నాటుకోడి. చుట్టుపక్కల పీజీల్లో ఉండే మన పిల్లలే ఎక్కువగా వస్తారు. డెలివరీ యాపులవారికి వంద రూపాయల బిల్లుకు ఇరవై అయిదు దాకా పోతోంది. మన సొంత యాప్ ఉంటే ఈ బాధ ఉండదని ఒకాయన చెప్పి మూడున్నర లక్షలు అడిగారు. సగం ముందే ఇవ్వాలట. కట్టమంటారా?

జవాబు: కట్టవద్దమ్మా. మీ బాధ నిజమైనదే, ఆయన చెప్పిన మందు దానికి పనికిరాదు. పీజీలో ఉండే కుర్రవాడి ఫోన్‌లో ఒక్క కర్రీ పాయింటు కోసం ఒక యాప్ నిలవదు. మొదటిరోజు తగ్గింపు కోసం వేసుకుంటాడు, వారం తరువాత ఫోన్‌లో చోటు చాలక తీసేస్తాడు. పైగా మూడున్నర లక్షలతో ఖర్చు ముగియదు. ఆండ్రాయిడ్ కొత్త రూపాలకు తగినట్టు ప్లే స్టోర్‌లోని యాప్‌ను ఏటా సరిచేయాలి. గడువు సాధారణంగా ఆగస్టు నెలాఖరుకు ఉంటుంది. సరిచేయకపోతే కొత్త ఫోన్లు కొన్నవారికి మీ యాప్ కనిపించడం మానేస్తుంది. ఆ పనికి మళ్లీ ఆయన దగ్గరికే వెళ్లాలి, అప్పుడు ఆయన చెప్పిందే ధర.

మీకు కావలసింది ఇప్పటికే మీ చేతిలోని ఫోన్‌లో ఉంది. వాట్సాప్ బిజినెస్ ఉచితం. పొద్దున తొమ్మిదింటికి ఆ రోజు కూరలు, ధరలు పెట్టండి. యూపీఐ కోడ్ పెట్టండి. నడిచివచ్చి తీసుకువెళ్లేవారికి వేరే గిన్నె, వేరే ధర పెట్టండి. బెంగళూరులోనే మొదలైన డంజో తొలి రోజుల్లో వాట్సాప్ మీదే సరుకులు తెచ్చిపెట్టింది. పెద్ద యాప్‌గా ఎదిగి, కోట్లాది పెట్టుబడులు తెచ్చుకొని, 2025 జనవరిలో మూగబోయింది. పెట్టుబడి లేని మీకు ఆ తొలి రోజుల పద్ధతే మేలు.

డెలివరీ యాపులను ఒక్కసారిగా వదలవద్దు. కొత్త ముఖాలు అక్కడినుంచే వస్తాయి. వారు మీ కొట్టుకు రెండోసారి నేరుగా వచ్చేలా చేసుకోవడం మీ పని. కమిషను భారం తగ్గాలంటే ఒక్కరు యాప్ చేయించడం కాదు, పదిమంది కలవడం దారి. ఈ ఊరి ఆటోవాళ్లు అలాగే చేశారు. 2022 నవంబరులో వచ్చిన నమ్మ యాత్రి అనే ఆటో యాప్ ప్రతి సవారీకి కమిషను తీసుకోకుండా మొదలై, తరువాత రోజుకు 25 రూపాయల లాంటి చిన్న రుసుముకు మారింది. అదే ఏడాది సెప్టెంబరు చివర బెంగళూరులో ప్రజలకు తెరిచిన ఓఎన్‌డీసీ అనే ప్రభుత్వ అండ ఉన్న ఉమ్మడి ఆన్‌లైన్ అమ్మకాల వేదికలో భోజనశాలలు కూడా చేరవచ్చు. మీ వీధిలోని నాలుగు కర్రీ పాయింట్లవారు కలిసి ఒకే డెలివరీ కుర్రవాణ్ణి పెట్టుకోగలరేమో ముందు మాట్లాడి చూడండి.

ఎవరి మాటా వినకుండా యాప్ చేయించాలనే అనుకుంటే రెండు షరతులు కాగితం మీద రాయించుకోండి. యాప్‌ను దుకాణంలో పెట్టే డెవలపర్ ఖాతా మీ పేరున, మీ ఈమెయిల్‌తో ఉండాలి. సోర్స్ కోడ్, అంటే యాప్ అసలు రాత, మొత్తం మీకు అప్పగించాలి. ఆ రెంటికీ ఆయన తటపటాయిస్తే లేచి వచ్చేయండి.

ప్రశ్న: నేను బీటీఎం లేఅవుట్‌లో ఉంటాను. మూడేళ్ల క్రితం గ్రూప్స్, కానిస్టేబుల్ పరీక్షలకు తెలుగులో ప్రశ్నల యాప్ చేశాను. నలభై వేల మంది వాడుతున్నారు. నెలకు యాభై అయిదు వేల దాకా వచ్చేది. పోయిన నెల యాప్ దుకాణం నుంచి మెయిల్ వచ్చింది. నా ఖాతా గతంలో తొలగించిన మరో ఖాతాతో ముడిపడి ఉన్నదట. యాప్ పోయింది, ఖాతా పోయింది. నా గదిలో ఉండే మిత్రుడి ఖాతాను రెండేళ్ల క్రితం తీసేశారు. అతని లాప్‌టాప్‌లో నేను కొన్నిసార్లు లాగిన్ అయిన మాట నిజం. ఇప్పుడు నా భార్య పేరున కొత్త ఖాతా తెరిస్తే సరిపోతుందా?

జవాబు: తెరవవద్దు. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టిన వాక్యం అదే. ఒకసారి ఖాతా పోగొట్టుకున్న వ్యక్తి మరో పేరుతో తెరిచిన ఖాతాను కూడా మూసేస్తారు, అప్పుడు మీ భార్య పేరు కూడా ఆ జాబితాలో చేరుతుంది. నిజాయితీగా అప్పీలు చేసుకునే దారి కూడా బలహీనపడుతుంది.

మీ బాధ నాకు తెలుసు. 2016లో ఇద్దరు మిత్రులతో కలిసి, మీరు ఉంటున్న బీటీఎం లేఅవుట్‌లోనే ఒక మేడమీది గదిలో, బ్యాంకుల నుంచి వచ్చే ఎస్ఎంఎస్‌లు చదివి ఇంటి ఖర్చుల లెక్క తనంతట తానే రాసుకునే యాప్ చేశాను. రెండేళ్లకు పదకొండు వేల మంది అయ్యారు. తరువాత ఫోన్‌లోని ఎస్ఎంఎస్‌లు చదివే అనుమతిపై ప్లే స్టోర్ నిబంధన మార్చింది. కారణం సబబైనదే, ఆ అనుమతితో మోసాలు జరుగుతున్నాయి. మినహాయింపు అడిగాము, రాలేదు. 2019 సంక్రాంతికి నేను ఊళ్లో ఉన్నాను. ముగ్గులు ఇంకా ఆరకముందే మిత్రుడు ఫోన్ చేసి యాప్ కనిపించడం లేదని చెప్పాడు. ఆ పదకొండు వేల మందిలో ఒక్కరి ఫోన్ నంబరుగానీ, ఈమెయిల్‌గానీ మా దగ్గర లేదు. మేము ఉన్నామనీ, వారి లెక్కలు భద్రంగా ఉన్నాయనీ చెప్పడానికి దారి లేకపోయింది. అంతకు ముందు వారమే ఒక గృహిణి రాసిన అభిప్రాయం నాకు ఇప్పటికీ గుర్తుంది. పాపాయి పుట్టిన నాటి నుంచి ఖర్చులన్నీ ఇందులోనే ఉన్నాయని ఆమె రాసింది.

పెద్దవారికి కూడా ఈ అనుభవం ఉంది. 2020 సెప్టెంబరు 18న పేటీఎం యాప్ కొన్ని గంటలు ప్లే స్టోర్‌లో కనిపించలేదు. 2024 మార్చి 1న, రుసుముల వివాదంలో, చెన్నైకి చెందిన భారత్ మ్యాట్రిమొనీ సహా కొన్ని భారతీయ సంస్థల యాపులను గూగుల్ తొలగించింది, కేంద్రం జోక్యంతో కొద్ది రోజుల్లో అవి తిరిగి వచ్చాయి. ప్లే స్టోర్ చెల్లింపుల విధానంపై, వ్యాపారాల మధ్య పోటీ సక్రమంగా ఉందో లేదో చూసే పోటీ కమిషన్ 2022 అక్టోబరులో గూగుల్‌కు 936.44 కోట్ల జరిమానా వేస్తే, 2025 మార్చిలో అప్పిలేట్ ట్రిబ్యునల్ దానిని 216.69 కోట్లకు తగ్గించింది. ఆ పోరాటాలు జరగవలసినవే. వాటి ఫలితం కోసం మీ ఇంటి అద్దె ఆగదు. మీ కోసం ఏ మంత్రీ సమావేశం పెట్టరు కనుక మీ దారి మీరు చూసుకోవాలి.

అప్పీలులో దాచవద్దు. మిత్రుడి లాప్‌టాప్‌లో ఏ నెలల్లో లాగిన్ అయ్యారో, ఎందుకు అయ్యారో, అతని యాపులో మీకు వాటాగానీ కోడ్‌గానీ లేదనడానికి ఏ ఆధారం ఉందో తేదీలతో రాయండి. ఇద్దరి బ్యాంకు ఖాతాలు వేరని చూపే పత్రాలు, మీ గుర్తింపు కార్డు, కోడ్ ఎప్పుడెప్పుడు రాశారో చూపే మీ కోడ్ చరిత్ర జతచేయండి. కోపం, వేడుకోలు రెండూ వద్దు.

దానికి సమాంతరంగా, మీకు డబ్బు కట్టిన విద్యార్థుల సంగతి చూడండి. పరీక్ష దగ్గర పడ్డ పిల్లలు వాళ్లు. వాట్సాప్‌లో మీకు ఆరు వందల మంది గ్రూపు ఉన్నదని ఉత్తరం చివర ఒక ముక్క రాశారు. అదే ఇప్పుడు మీ ఆస్తి. జరిగింది జరిగినట్టు అందులో చెప్పండి. ప్రశ్నలన్నీ మీ దగ్గర ఉన్నాయి కనుక, ఫోన్ బ్రౌజరులోనే తెరుచుకునే వెబ్ యాప్‌గా పదిహేను రోజుల్లో పెట్టగలరు. చందా కట్టినవారికి మిగిలిన కాలమంతా అక్కడ ఉచితంగా ఇవ్వండి. ఫోన్‌పే వారు 2024 ఫిబ్రవరిలో తెచ్చిన ఇండస్ యాప్‌స్టోర్ వంటి ఇతర దుకాణాల్లో కూడా పెట్టవచ్చు. నలభై వేల మంది ఒక్కసారిగా అక్కడికి రారు, నాలుగు వేలమంది వచ్చినా మీకు కొత్త మొదలు దొరుకుతుంది. ఈసారి వచ్చిన ప్రతివారినీ, ఇష్టముంటేనే, నంబరు అడిగి రాసుకోండి.

అప్పీలు పంపే ముందు దాని ముసాయిదాను తెలుగులోనే రాసి నాకు పత్రిక చిరునామాకు పంపండి. చదివి, ఎక్కడ ఆధారం చాలలేదో గుర్తుపెట్టి వారంలోగా తిప్పి పంపుతాను. మీ మిత్రుణ్ణి కూడా అతని ఖాతా ఎందుకు తొలగించారో ఒక పేజీ రాసి సంతకం చేయమనండి. అతను ఒప్పుకుంటే ఆ పేజీని ముసాయిదాతో కలిపి పెట్టండి.